అక్కయ్య చెప్పిన సాక్ష్యం

వాయిదా ఉన్న రోజు పొద్దున్నే లాయరు ఇంట్లో వంటగది కోర్టయిపోయేది. భార్యను కుర్చీలో కూర్చోబెట్టి, సాక్షిని అడగబోయే ప్రశ్నలన్నీ ముందు ఆమె మీద ప్రయోగించేవాడు. ఆమె గరిటె పట్టుకునే, అతను రాసిచ్చిన జవాబులు చదివేసేది. సాక్షుల్ని ఉతికి ఆరేస్తాడని అతనికి పేరు.

ఆ రోజు భార్యకు జ్వరం. "నేను కూర్చుంటాలేరా" అంది అక్కయ్య. అమ్మ పోయాక ఆసుపత్రిలో ఆయాగా చేస్తూ అతణ్ణి పెంచింది ఆవిడే. కళ్లజోడు పగిలింది, కాగితం చదవలేనంటే, నోటికొచ్చింది చెప్పమన్నాడు.

కేసు చిన్నదే. రాత్రి డ్యూటీ నుంచి వస్తున్న ఒకావిడను ఎవరో కొట్టి బ్యాగు లాక్కుపోయారు. పట్టుబడ్డవాడి తరఫున లాయరు ఇతను. చీకట్లో ఆవిడ మొహం చూసిందా లేదా అన్నదే అసలు సంగతి. కానీ ముందు మనిషిని పలచన చేస్తే సగం పని అయినట్టేనని అతని లెక్క.

"నువ్వు భర్తతో ఉండటం లేదు. నిజమేనా?"

"నిజమే."

"అర్ధరాత్రి రోడ్ల మీద తిరగడం అలవాటు."

"డ్యూటీ అప్పుడే దిగేదాన్ని."

మంచి ఊపులో ఉన్నాడేమో, అక్కయ్య గొంతు మారడం గమనించలేదు. "ఇలాంటిదాన్ని ఏ మొగుడు భరిస్తాడు? అందుకేగా వదిలేశాడు?"

"తమ్ముణ్ణి ఎక్కడైనా వదిలేసి రమ్మన్నాడు. నేను రానన్నాను."

అతను చేతిలో కాగితం కింద పెట్టేశాడు. బావకూ తనకూ పడలేదని మాత్రమే ఆవిడ ఇన్నేళ్లూ చెప్పింది.

"కోర్టులో ఆవిడా ఇలాగే చెప్పాలా, అందరి ముందూ?" అని మెల్లగా అడిగింది.

తల కొట్టేసినట్టయింది. టిఫిన్ ముట్టకుండా వెళ్లిపోయాడు.

కోర్టులో ఆ సాక్షి పిడికిళ్లు బిగించుకుని నిలబడింది. అతను వీధి దీపం గురించి, దొంగ ఎంత దూరంలో ఉన్నాడన్నదాని గురించి అడిగి, "చాలమ్మా" అని కూర్చున్నాడు. ఆవిడ నమ్మలేనట్టు చూసింది. అతనికి తలెత్తే మొహం లేకపోయింది. ఇన్నేళ్లలో ఇదే బోనులో తను ఏడిపించి పంపినవాళ్లు ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

ఇంటికొచ్చి తిన్నగా వంటగదిలోకి వెళ్లి ఆ కుర్చీలో కూలబడ్డాడు.

"ఇవాళ నువ్వడుగు అక్కా. ఏదైనా అడుగు."

అక్కయ్య మంచినీళ్ల గ్లాసు అతని చేతికిచ్చింది.

"పొద్దున్న తినకుండా వెళ్లావు. మధ్యాహ్నమైనా ఏమన్నా తిన్నావా?"

ఎన్ని వందలమందిని జవాబు చెప్పమని గద్దించాడో! ఆ ఒక్కదానికి జవాబు చెప్పలేక, ఆవిడ చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.