తొట్టిమీది తెల్ల తెట్టె

లాక్‌డౌన్‌ల బట్ట నేసే సాంచాలన్నీ బందైనంక సూరత్‌ల నాకు దొరికిన పని ఇది. కడోదరా అవతల ఒక మాంసం కార్ఖానా ఉండె. మ్యాకలను, గొర్లను కోసి కడిగిన నీళ్లను ఉత్తగనే మోరీల వదలరాదు గదా, సాఫ్ చెయ్యాలె. నెత్తురు, పేడ, పేగుల ముక్కలు, వెంట్రుకలు కలిసిన ఆ ఎర్రటి నీళ్లు జాలీలకెళ్లి ఒక పెద్ద తొట్టిల పడుతయి. అడుగునుంచి మిషను గాలి కొడితే కొవ్వంతా పైకి తేలి, తెల్లగ తెట్టె కడతది. ఆ తెట్టెను చెక్కతోని గీకి డ్రమ్ములల్ల పోసుడే నా పని.

థూ! చెప్తుంటెనే వాంతికొస్తున్నది. కుళ్లిన గుడ్లు, పాసిపోయిన పాలు, కాలిన వెంట్రుకలు... అన్నీ కలిపి ముక్కుల దూర్చినట్టు ఉంటది. గోర్ల సందుల పట్టిందంటె ఏ సబ్బుకూ పోదు. రూము కార్ఖానా ఎనకనే. నా భార్య నవత నన్ను గడప తొక్కనిచ్చేది కాదు. "ఆడ్నే ఆగు! ముంగట తానం చెయ్యి" అని వాకిట్లనే బకెట్ పెట్టేది.

రెండో వేవ్‌ల నవతకు కరోనా వచ్చింది. దవాఖాన నుంచి బతికొచ్చింది, గంతే. వాసన పోయింది, రుచి పోయింది. ఏం పెట్టినా "మన్ను తిన్నట్టున్నది" అని ఉమ్మేసేది. పచ్చిపులుసు చేసిన, గుడ్డు వేంచిన, బతిలాడిన, తిట్టిన సుత. ఊహూఁ. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నయి. తినకుంటె మనిషి దక్కదన్నడు డాక్టరు.

ఒకనాడు నల్లా రాలే. తానం చెయ్యకుండనే లోపలికొచ్చిన. మంచంల పన్న నవత గభాల్న లేసి నా చెయ్యి ముక్కుకు ఆనించుకున్నది.

"అబ్బ... ఎంత కమ్మగున్నది!"

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇన్నాళ్లకు ఆమెకు ఒక వాసన తెలిసింది, ఏ వాసనైతేంది? నా చెయ్యి మూతి కాడ పట్టుకొని, ముద్ద ముద్దకు వాసన చూసుకుంట పళ్లెం ఖాళీ చేసింది.

ఇగ నేను తానమే మానేసిన. కొన్నాళ్లకు అది సుత సాలలే. తెట్టె తుడిచిన గుడ్డ తెచ్చి పళ్లెం పక్కన పెట్టేటోణ్ని. ముక్కు మూసుకొని తలుపు కాడ కూసుండేటోణ్ని. తిను తల్లీ, తిను అని మనసుల మొక్కేటోణ్ని. ఆమె బుగ్గలు నిండుతున్నయి. నాకింకేం కావాలె?

ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం. కార్ఖానాకు ఛుట్టీ, గాలి మిషను బంద్, కాపలాకు నేనొక్కణ్నే. డ్రమ్ములకు మూతలు పెట్టి ఇటు తిరిగితే... తొట్టి అంచున నవత.

తెట్టె కదలకుండ ఉన్నది. దాని మీద ఈగ సుత వాలట్లేదు. నవత వంగి, మోచేతుల దాకా చేతులు ముంచింది. అడుగున ఏదో గుడగుడలాడింది. తెట్టె మెల్లగ... ఆమె చేతుల చుట్టూ మూసుకున్నది.

"నవతా! ఏం జేస్తున్నవే?"

"మెల్లగ మాట్లాడు. పిలుస్తున్నరు."

"ఎవరు?"

"అన్నం పెట్టేటోళ్లు."

నడుం పట్టి గుంజిన. రాలే. లోపల్నుంచి ఇంకెవరో గుంజుతున్నరు... ఒట్టు, ఆ బలం నా చేతులకు తెలిసింది. మల్లా గుంజిన. ఇద్దరం ఎల్లకిలా పడ్డం. ఆమె మూతికి తెల్లగ కొవ్వు. నమిలింది. మింగింది. నేను ఆడ్నే భళ్లున కక్కిన.

తెల్లారి పని ఇడిచిపెట్టిన. బట్టలన్నీ కాలబెట్టి, సూరత్‌లనే ఇంకో దిక్కు, ఉన్ అనే బస్తీల రూము తీసుకున్న. నవత మల్లా తిండి మానేసింది. గోడ దిక్కు తిరిగి పంటది, అంతే. బొక్కలు తేలినయి. మనిషి నా కండ్ల ముంగటనే పోతున్నది. సచ్చినా అటు మొకాన పోనన్నోణ్ని, సిగ్గిడిచి మల్లా కడోదరా పోయిన.

నాకు ఆ పని ఇప్పించిన లక్ష్మీరాజం కాక గేటు కాడనే ఉన్నడు.

"కాకా, జర తెట్టె గుడ్డ ఒకటి ఇప్పియ్యవా?"

కాక నా దిక్కు వింతగ చూసిండు. "తెట్టె ఏడిదిరా? నువ్వు పోయినంక శేఠ్ కార్ఖానానే మూసిండు. తొట్టి ఎండబెట్టి సున్నం కొట్టినం. పో, సూస్కో."

పోయి చూసిన. నిజమే. ఎండిన తొట్టి, సున్నం. ఏడ్సుకుంట ఇంటికొచ్చిన.

తలుపు తీసుడుతోనే గుప్పుమన్నది. అదే కంపు. నవత పీట మీద కూసొని తింటున్నది. పళ్లెం నిండ అన్నం... దాని మీద తెల్లటి ముద్ద, ఇంకా ఆవిరొస్తున్నది, సన్నగ వణుకుతున్నది. చేతులు మణికట్టు దాకా జిడ్డు. మొకం కళకళలాడుతున్నది.

"ఎవరు... ఎవరు తెచ్చిండ్రే ఇది?"

నవత నవ్వింది. "నువ్వే గదా! ఇంకింత తెస్తనని ఇప్పుడే వంటింట్లకు పోయినవ్. బయటికెప్పుడు పోయినవ్?"

వంటింట్ల గంటె చప్పుడైంది.

తర్వాత, అచ్చం నా గొంతుతోనే, లోపల్నుంచి మెల్లగ ఎవరో అడిగిండ్రు.

"నవతా... ఆయనకు సుత పెట్టాల్నా?"