తేనెటీగ పని నెత్తిన వేసుకున్నవాడు

"ఇవి వంటింట్లో పెట్టుకునే ట్యూబ్‌లైట్లు. నేనడిగినవి ఇవి కావు."

లూషా పొడుగాటి అట్టపెట్టెను హార్డ్‌వేర్ షాపు కౌంటర్ మీద అడ్డంగా పడేసింది. కౌంటర్ వెనకున్న దారియో పెట్టెను చూశాడు, ఆమెను చూశాడు, మళ్లీ పెట్టెను చూశాడు. ఆమెను చూడటానికే కాస్త ఎక్కువ సేపు పట్టింది.

"లైటే కదండీ. వెలుగుతుంది."

"వెలుగుతుంది, పసుప్పచ్చగా. నాక్కావలసింది పగటి వెలుతురులా తెల్లగా ఉండేది. మొక్కలకి."

"ఆ మాట ముందే అనొచ్చుగా! టొమాటో నారా?"

"గంజాయి."

ఆమె వెనక మంచు తోసే పార పట్టుకుని నిలబడ్డ పెద్దాయన మెడ ముందుకు సాచి "ఏ రకమమ్మా?" అన్నాడు. కెనడాలోని ఆ కూట్నీ లోయలో ఆ మాటకు ఉలిక్కిపడేవాళ్లు ఎప్పుడూ తక్కువే. ప్రభుత్వం ఇంట్లో పెంచుకోవచ్చన్నాక ఆ కొద్దిమందీ మానేశారు.

"మొదటిసారా?" అన్నాడు దారియో, కింది అరలోంచి వేరే పెట్టె లాగుతూ.

"ముఖం మీద రాసుందా?"

"లేదు. రెండోసారి వేసేవాళ్లు ట్యూబ్‌లైట్లు అడగరు. పెద్ద లైట్లు అడుగుతారు."

"మా బాబుష్క, అదే మా అమ్మమ్మ, టొమాటో నారు కోసం బేస్‌మెంట్‌లో ట్యూబ్‌లైట్ల పట్టీ వేలాడదీసింది. నాకున్నది అదే. ట్యూబులు మాత్రం నల్లబడిపోయాయి."

"సరే, ఒక మాట వినండి. పట్టీని మొక్కల నెత్తి మీదికి దించండి. మధ్యలో అరచెయ్యి పట్టేంత సందు ఉంటే చాలు. పైన వదిలేశారంటే మొక్కలు లైటు కోసం మెడలు సాచి ఈనెపుల్లల్లా అయిపోతాయి."

"గంజాయి పెంచావా ఎప్పుడైనా?"

"టొమాటోలు పెంచాను. మొక్క మొక్కే కదా."

ఈ చివరి మాట గుర్తుంచుకోండి. దారియో కొంప ముంచింది ఈ మాటే.

అతనిది పక్క ఊరు ట్రెయిల్. అక్కడి ఇటాలియన్ కుటుంబాల్లో పిల్లాడికి నడక వచ్చేలోపే టొమాటో మొక్కకు ఊతకర్ర కట్టడం వచ్చేస్తుంది. వాళ్ల నోన్నో, అంటే తాత, చలికాలం నడిబొడ్డున బేస్‌మెంట్‌లో టొమాటోలు కాయించి చుట్టాలకు పంచి మురిసిపోయే మనిషి. మనవడికి ఆస్తి ఏమీ ఇవ్వలేదు గానీ, ఆ విద్య మొత్తం ఇచ్చాడు.

ట్యూబులు బిగించే వంకతో ఆ సాయంత్రమే దారియో లూషా వాళ్లింటికి వెళ్లాడు. వాటిని ఎవరైనా బిగించుకోగలరని ఇద్దరికీ తెలుసు. తలుపు తీసిన పోల్యా బాబుష్క మాత్రం అతన్ని నఖశిఖపర్యంతం చూసింది.

"ట్రెయిల్ కుర్రాడివా? వైను తాగే జాతి."

"నేను తాగనండీ."

"ఎందుకు తాగవు?"

దారియో బూట్లు విప్పడంలో మునిగిపోయాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ బోర్ష్ అనే కూరగాయల సూపు గిన్నె అతని ముందు పెట్టింది. ఆ ఇంట్లో మాంసం ఉండదు, మందు ఉండదు, పొగ అసలే ఉండదు. దుఖోబోర్లనే రష్యన్ మతశాఖవాళ్ల ఇల్లు. ముత్తాతల నాడు రష్యా నుంచి ఓడ దిగినప్పటి నుంచీ అంతే.

"అలాంటి ఇంట్లో గంజాయికి ఆమె ఎలా ఒప్పుకున్నారు?" అని కింద, బేస్‌మెంట్‌లో, దారియో గుసగుసగా అడిగాడు.

"ఒప్పుకోలేదు. పందెం వేసింది." లూషా కుండీల మధ్య బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. "నేను మొదలుపెట్టిన పని ఏదీ ముగించనట. అకార్డియన్ సగం, అల్లికలు సగం, కాలేజీ సగం. 'ఒక్క పంట చివరిదాకా తీసి చూపించు, పెరట్లో గ్రీన్‌హౌస్ నీకు రాసిచ్చేస్తా. నారు పెంచుకుంటావో, పూలు అమ్ముకుంటావో నీ ఇష్టం. లేదా నోరు మూసుకుని కాల్గరీ వెళ్లి మీ మావయ్య ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చో' అంది. మార్చిలో తన టొమాటో నారు ఈ లైట్ల కిందికి రావాలి. అదే గడువు."

"మరి ముల్లంగి వేసుకోవచ్చుగా? హాయిగా గెలిచేవారు."

"ముల్లంగి వేస్తే రోజూ కిందికి దిగి వేలు పెడుతుంది. చివరికి పంట ఆమెదే అవుతుంది. ఆమె ముట్టుకోని మొక్క ఈ ప్రపంచంలో ఇదొక్కటే. ఇది ఉన్నన్నాళ్లూ మెట్టు దిగనని ఒట్టేసింది."

దారియో తెల్లటి వెలుతురులో ఆమె ముఖం చూశాడు. ట్యూబ్‌లైట్ కింద ఎవరూ అందంగా కనబడరని అంతవరకు అనుకునేవాడు. ఆ అభిప్రాయం అక్కడికక్కడే మార్చుకున్నాడు. ఈమె కాల్గరీ వెళ్లకూడదని కూడా అప్పుడే తీర్మానించుకున్నాడు. ఆమెను అడగలేదనుకోండి.

ఆపైన దారియోకు ఆ ఇంటివైపు పనులు బాగా పెరిగిపోయాయి. ఒకరోజు చిన్న ఫ్యాను తెచ్చాడు. ఇంకోరోజు లైట్లను వాటంతటవే వెలిగించి ఆర్పే టైమర్ తెచ్చాడు. ఏమీ దొరకని రోజు ఊరికే వచ్చి "మంచు బాగా పడుతోంది" అన్నాడు. లూషా కిటికీలోంచి చూసి "అవును, ఇంత దూరం వచ్చి చెప్పావు, థాంక్స్" అంది.

మొక్కలు గుబురుగా, ముదురాకుపచ్చగా లేచాయి. క్రిస్మస్ నాటికి లూషా చీకటి గంటలు పెంచింది. పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు. అలా అయితేనే ఆ మొక్క పూతకు వస్తుంది. సరిగ్గా ఆ సమయంలో కాల్గరీలో లూషా అత్తయ్య మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. సాయానికి మనిషి కావాలన్నారు.

"నెలపైనే పడుతుంది." బస్సు దగ్గర లూషా తాళంచెవి అతని చేతిలో పెట్టింది. "నీళ్లు నువ్వే పొయ్యాలి. చీకటి గంటల్లో తలుపు తెరిచావో, అక్కణ్ణుంచి వచ్చి మరీ చంపుతాను."

"తెరవను."

"వాటిని నా అంత జాగ్రత్తగా చూసుకో."

"నీ కంటే జాగ్రత్తగా చూసుకుంటాను," అన్నాడు దారియో, గుండె మీద చెయ్యి వేసుకుని. పాపం, చూసుకున్నాడు కూడా.

వారం తిరిగేసరికి, ఉన్న నాలుగు మొక్కల్లో ఒకటి మిగతావాటి కంటే పొడుగ్గా ఎదిగి, కొమ్మకొమ్మకూ చిన్న చిన్న గుత్తులు వేలాడదీసింది. ఒక గుత్తి విచ్చుకుని పసుప్పచ్చటి పొడి రాల్చింది. మిగిలిన మూడూ తెల్లటి సన్నటి వెంట్రుకల పూలు విప్పి ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాయి. దారియోకు జాలి వేసింది. మూసిన గది. బయట మోకాలి లోతు మంచు. తేనెటీగ ఎక్కణ్ణుంచి వస్తుంది?

నోన్నో టొమాటోలకు చలికాలమంతా ఏం చేసేవాడో అతనికి బాగా తెలుసు. షాపులోంచి అన్నిటికంటే మెత్తటి బ్రష్షు తెచ్చుకున్నాడు. పొడుగు మొక్క పొడిని దానికి అద్దుకుని, మిగతా మూడింటికీ పువ్వు పువ్వునా ముద్దు చేస్తున్నట్టు పూశాడు. ఆపైన రోజూ అదే పని. పని చేస్తూ ఇటాలియన్ పాటలు పాడేవాడు. పైన వంటింట్లో బాబుష్క ఆ గొంతు వింటూ, మెట్టు మాత్రం దిగకుండా, అతని కోసం బంగాళాదుంప కూరిన పిరహీలు కాల్చి మెట్ల మీద పెట్టేది.

లూషా రోజూ ఫోన్ చేసేది.

"ఎలా ఉన్నాయి?"

"పువ్వులు లావెక్కుతున్నాయి. చేత్తో పట్టుకుంటే గట్టిగా, నిండుగా ఉన్నాయి!"

"నిజంగా? ఫోటో పంపు."

ఫోటో పంపాడు. ట్యూబ్‌లైట్ల కింద తీసిన ఫోటో కదా, చారలు చారలుగా వచ్చింది. మొక్కా కనబడలేదు, పువ్వూ కనబడలేదు.

"ఏం కనబడలేదు గానీ, నిన్ను నమ్ముతున్నా," అంది లూషా. తర్వాత గొంతు తగ్గించి, "ఇక్కడ మావయ్య రోజూ ఆఫీసు చూపిస్తానంటున్నాడు. కిటికీలు కూడా లేవు. నాకు ఇంటికొచ్చేయాలని ఉంది దారియో," అంది.

ఆ రాత్రి దారియోకు నిద్ర పట్టలేదు. ఆమె తన పేరు అన్న తీరే చెవుల్లో మోగింది.

ఫిబ్రవరి సగంలో ఆమె వచ్చింది. బస్సు దిగి, సంచీ కూడా పైకి తీసుకెళ్లకుండా, తిన్నగా బేస్‌మెంట్‌లోకి పరుగెత్తింది. దారియో తలుపు తెరిచి, పెళ్లిపీటల మీద కూర్చున్నవాడిలా సిగ్గుపడుతూ పక్కకు తప్పుకున్నాడు.

లూషా ఒక పువ్వును వేళ్లతో నొక్కింది. ఇంకోటి నొక్కింది. మూలనున్న పొడుగు మొక్క వైపు చూసింది. ఆమె ముఖంలో రంగు మారింది.

"దారియో. ఇది మగమొక్క."

"ఆ, ఉన్నది అదొక్కటే! అదీ లేకపోతే ఏమయ్యేది? ఒక్క పువ్వు కూడా వదల్లేదు తెలుసా. అన్నిటికీ నేనే బ్రష్షుతో..."

"బ్రష్షుతో?"

"తేనెటీగలు లేవు కదా మరి."

లూషా బకెట్ మీద కూలబడింది. "దీనికి తేనెటీగలు అక్కర్లేదు. గాలి చాలు. ఆ గాలి కూడా తగలకూడదనే మగమొక్క కనబడగానే పీకి పారేస్తారు! పొడి తగిలిందంటే పువ్వులో ఉండాల్సిన జిగురు పోయి అంతా గింజే అవుతుంది. గింజ పడితే పంట పోయినట్టే. కూట్నీలో పుట్టినవాడివి, ఇది కూడా తెలీదా?"

"టొమాటోకి..."

"టొమాటో పేరెత్తావంటే ఈ కుండీ నీ నెత్తిన పెడతాను!"

దారియో కుండీకి అందనంత దూరం జరిగాడు. ఆమె ఏడుస్తుందేమోనని భయపడ్డాడు. ఆమె ఏడవలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది.

"మళ్లీ వేసేంత సమయం లేదు. మార్చి వచ్చేస్తోంది," అంది లూషా మెల్లగా. "ఇదీ సగమే. ఆమె చెప్పిందే నిజమైంది. ఇక కిటికీల్లేని ఆఫీసే."

"నీ తప్పు లేదు. నేను వెళ్లి చెప్తాను."

"ఏమని?"

"నేనే పాడు చేశానని. నువ్వు వెళ్లకూడదని, మరీ ఎక్కువ జాగ్రత్త తీసుకున్నానని." అతను మెట్ల వైపు తిరిగాడు. "నువ్వు వెళ్తే నేను ఉండలేనని."

లూషా తలెత్తేసరికి అతను మెట్ల మీద ఉన్నాడు. ఆమె వెనకే పరుగెత్తింది.

వంటింట్లో బాబుష్క పిండి పిసుకుతోంది. దారియో ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. టొమాటోలు, బ్రష్షు, మగమొక్క, గింజలు, అన్నీ. పందెం మళ్లీ మొదటినుంచీ పెట్టమని, అప్పటిదాకా మంచు తోయడం, కట్టెలు కొట్టడం తన పని అని బతిమాలాడు.

బాబుష్క చేతులు ఆగిపోయాయి. "గింజలా?"

"అంతా గింజలే బాబుష్కా. పాడైపోయింది," అంది లూషా.

"గింజ పట్టడం పాడైపోవడం ఎప్పటినుంచి అయింది? తప్పుకో."

ఒట్టు సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఎత్తి చూపే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె పిండి చేతులతోనే రెయిలింగ్ పట్టుకుని, మోకాళ్లను తిట్టుకుంటూ, మెట్లు దిగింది. ట్యూబ్‌లైట్ల కింద నిలబడి ఒక పూగుత్తిని తుంచింది. రెండు అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊదేసింది. చేతిలో బూడిదరంగు మచ్చల గింజలు మిగిలాయి. ఒకటి పంటి కింద వేసుకుని పటుక్కున కొరికింది.

కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కనాప్ల్యా," అంది, రష్యన్‌లో ఆ మొక్క పేరు పలుకుతూ. "మా అమ్మ చిక్కుడు పందిరి వెనక వేసేది. గింజలు వేయించి, ఉప్పేసి దంచి, వేడి బంగాళాదుంపల మీద చల్లేది. ఆ వాసనకి మేం బడి ఎగ్గొట్టి వచ్చేవాళ్లం. చట్టం కాదందని ఒక ఏడు తన చేత్తోనే పీకేసింది. ఆ తర్వాత ఆ రుచి మళ్లీ చూడలేదు." మనవరాలి వైపు తిరిగింది. "మీరు కొండల్లో దాచి పొగతాగేదీ, మా అమ్మ వేసిందీ ఒకటే మొక్క అని నాకెందుకు చెప్పలేదే?"

"నాకేం తెలుసు? నువ్వు చూడ్డానికి రానేలేదు కదా!"

"రాలేదు. అది నా పొగరు." బాబుష్క ఇంకో గుత్తి తుంచి ఏప్రన్ ఒడిలో వేసుకుంది. "పువ్వు దగ్గర ఆపేస్తే అది సగం పని. నువ్వు గింజదాకా తెచ్చావు. నీ జన్మలో మొదటిసారి ఒక పని ముగించావు, లూషా. గ్రీన్‌హౌస్ తీసుకో. పగిలిన అద్దాలు ఈ ట్రెయిల్ కుర్రాడి చేత వేయించు, ఖాళీగా పాటలు పాడుకుంటున్నాడు."

ఒడి నిండా గుత్తులతో ఆమె పైకి వెళ్లిపోయింది. కాసేపటికి మూకుడు చప్పుడు వినిపించింది.

కింద ఇద్దరే మిగిలారు. లూషా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఇందాక మెట్ల దగ్గర ఏదో అన్నావు."

"విన్నావు కదా."

"మళ్లీ వినాలని ఉంది."

"నువ్వు వెళ్తే ఉండలేను. నువ్వు ట్యూబ్‌లైట్ పెట్టె నా కౌంటర్ మీద పడేసిన రోజు నుంచీ ఇంతే."

లూషా అతని చొక్కా మీద అంటుకున్న పసుప్పచ్చటి పొడిని వేలితో దులిపింది. వేలు అక్కడే ఉండిపోయింది. "నువ్వు మంచు పడుతోందని చెప్పడానికి వచ్చిన రోజు నుంచీ నాకూ అంతే," అంది. అంత పెద్ద మాట అనేశాక ఆమెకే సిగ్గేసి, గబగబా మాట మార్చింది. "ఈసారి గింజ కోసమే వేద్దాం. ఇంటికి నాలుగు మొక్కలే అంటోంది చట్టం. షాపు మీద నీ గదిలో నాలుగు వెయ్యి, ఇక్కడ నేను నాలుగు వేస్తాను. రెండిళ్లు, ఎనిమిది మొక్కలు. బాబుష్కకి ఏడాదంతా సరిపోతాయి!"

దారియో తలదించుకుని ఆలోచించాడు.

"ఎనిమిది వద్దు," అన్నాడు.

"ఎందుకు? చోటు లేదా?"

"చోటుంది. కానీ నాకు నాలుగు మొక్కలే కావాలి లూషా. మొత్తం కలిపి."

ఆమె అయోమయంగా చూసింది. నోటితో లెక్క వేసుకుంది. రెండిళ్లకు ఎనిమిది, ఒక ఇంటికి... చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే నువ్వు..."

పైనుంచి వేయించిన గింజల కమ్మటి వాసనతో పాటు బాబుష్క గొంతు దిగింది.

"నాలుగు చాలు! ఇద్దరూ చేతులు కడుక్కుని పైకి రండి, దుంపలు చల్లారిపోతున్నాయి!"