చక్రాల ఇంట్లో చిక్కిన ఊపిరి

యాదగిరిగుట్ట కింద టిఫిన్ బండి నడిపే బిక్షమ్మ నల్లగొండలోని డిటెక్టివ్ శైలజ ఆఫీసు మెట్లు గబగబా ఎక్కి వచ్చింది.

"నేను ఉప్మాల విషం గలిపిన్నంటున్నరమ్మా! ఎట్లన్న జేసి నన్ను బయట పడెయ్యి."

శైలజ ఆమెను కూర్చోబెట్టింది. అసిస్టెంటు దివాకర్ మంచినీళ్లిచ్చాడు.

కమలాకర్, ప్రవళిక నారాయణపేట చీరలు అమ్మే దంపతులు. వ్యానునే ఇల్లుగా మార్చుకొని, కమలాకర్ తల్లి గోపమ్మతో ఊరూరా తిరుగుతారు. శనివారం పొద్దున ముసురులో వ్యాను గుట్ట కింద బిక్షమ్మ బండి పక్కనే ఆగి ఉంది. గోపమ్మ గుడికి పోయింది. బిక్షమ్మ వ్యానులోకి ఉప్మా ఇచ్చి వచ్చింది. కాసేపటికి గిన్నె కోసం వెళ్లి తలుపు తీస్తే భార్యాభర్తలిద్దరూ స్పృహ తప్పి ఉన్నారు. ఆమే వాళ్లను బయటికి లాగింది. కానీ ముందురోజే బండి పెట్టే జాగా విషయంలో కమలాకర్‌తో ఆమెకు మాటామాటా పెరిగింది. దాంతో అతని తమ్ముడు బాలకృష్ణ పోలీసులకు ఆమె పేరే చెప్పాడు.

"తలుపు తీసినప్పుడు గ్యాస్ వాసన వచ్చిందా?" అడిగింది శైలజ.

"రాలేదమ్మా. పొయ్యి మాత్రం మండుతాంది."

ఆ మధ్యాహ్నమే వ్యాను దగ్గర బాలకృష్ణను కలిశారు.

"మీ వదిన ఉప్మా ఎంత తిన్నది?"

"మా వదిన శనివారం పొద్దుగూకేదాంక ఏం ముట్టది మేడం. అన్న ఒక్కడే తిన్నడు."

లోపల పొయ్యి మీది నీళ్ల గిన్నె అడుగంతా మసి. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. పైకప్పులో గాలి పోవడానికి పెట్టిన రంధ్రంలో ఏదో కుక్కి ఉంది. దివాకర్ లాగితే ఎర్రంచు నూలుచీర ముక్క వచ్చింది. బయట గోపమ్మ కళ్లు తుడుచుకుంటోంది. ఆమె ఎర్రంచు చీర కొంగు సగం చిరిగి ఉంది. పాపం, పేదరికం అనుకున్నాడు దివాకర్.

మర్నాడు పొద్దున శైలజ అందరినీ దవాఖానలో, కోలుకుంటున్న దంపతుల మంచాల దగ్గరికి పిలిపించింది.

"ఉప్మా ముట్టని ప్రవళిక కూడా పడిపోయింది. కాబట్టి విషం తిండిలో లేదు, గాలిలో ఉంది. గ్యాస్ మంటకు గాలి చాలకపోతే గిన్నెకు మసి పడుతుంది, వాసనలేని విషవాయువు పుడుతుంది. నేను అడిగితే డాక్టరు రక్తపరీక్షలో అదే తేల్చారు. గాలిదారి మూసిన గుడ్డ..." శైలజ గొంతు తగ్గించింది. "గోపమ్మగారి కొంగుది."

దివాకర్ నివ్వెరపోయాడు. తాను కళ్లారా చూసి జాలిపడి వదిలేసిన కొంగు!

గోపమ్మ నేలమీద కూలబడింది. "కోడలు దగ్గుతాంటే సల్లగాలి తగలొద్దని కుక్కిన బిడ్డా. నా చేతులతోని నేనే సంపుకుందునా!"

"నీకేం ఎరుకమ్మా," అన్నాడు కమలాకర్ నీరసంగా. "ఆ గాలిదారి ఎందుకు పెట్టిన్నో నేను ముందే జెప్పాల్సుండె గదా."

"కింద ఇంకో గాలిదారి కోయించండి. పొయ్యి మండినంతసేపు రెండూ తెరిచే ఉండాలి," అంది శైలజ. "ఇంకోమాట. బిక్షమ్మ తలుపు తీయడం కాస్త ఆలస్యమైనా మీరు దక్కేవాళ్లు కాదు."

బాలకృష్ణ తలెత్తలేకపోయాడు. "తప్పయిందక్కా. ఇప్పుడే ఠాణాకు పోయి ఉన్నదున్నట్టు జెప్త."

 బిక్షమ్మ వెళ్లి గోపమ్మ పక్కన కూర్చొని, చెయ్యి పట్టుకొని లేపింది.

"ఏడ్సుడు బంద్ జెయ్యవ్వా. పిల్లలు బతికిన్రు. ఆకలిగొని ఉంటరు, ఇంత జావ గాద్దాం నడువు."