ఐదో మనిషి ఊపిరి

మా అన్న శివకుమార్ జహీరాబాద్‌లో సైన్సు పంతులు. సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వీధి గదిలో చాప మీద కూర్చుని కథలు రాసేవాడు. చుక్కల మధ్య తిరిగే ఓడల కథలు, వెయ్యేళ్ళ తర్వాతి మనుషుల కథలు. పుస్తకాల వ్యాను ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా మాస్కోలో అచ్చయిన నున్నటి కాగితం పుస్తకాలు చంకనిండా కొనుక్కొచ్చుకునేవాడు. సైన్సు కథ రాసేవాడే అసలు రచయిత అని, మిగిలినవాళ్ళం కాగితం ఖరాబు చేసేవాళ్ళమని ఆయన నమ్మకం.

నేను దెయ్యాల నవలలు రాసేదాన్ని. కోహీర్‌లో మా అత్తగారింట్లో, వంట ముగిశాక, పొయ్యి పక్కనే కూర్చుని. అది 1983. వారపత్రికల నిండా చేతబడులూ శ్మశానాలే. నా సీరియల్ మొదలైతే అన్నది మూలకు పడేది.

“నీ కథల తలుపు ఎందుకు తెరుచుకుంటది? గాలికా? గాలైతే గాలని రాయి,” అనేవాడు. “కారణం చెప్పకుండ భయపెట్టుడంటే జనాన్ని మోసం జేసుడే.”

“నీ కథలు చదివినోళ్ళకు మంచిగ నిద్ర వడతదట అన్నా,” అన్నాన్నేను ఒకసారి, పదిమంది ముందు.

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. ఆషాఢంలో, రాస్తూ రాస్తూ గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. మా వాళ్ళలో పోయినవారిని పడుకోబెట్టరు. కూర్చోబెట్టి, చుట్టూ ఉప్పూ విభూతీ నింపి సమాధి చేస్తారు. నేను చివరిసారి చూసినప్పుడు కూడా అన్న చాప మీద కూర్చున్నట్టే కూర్చుని ఉన్నాడు.

ఆయన సీరియల్ సగంలో ఆగింది. అంతరిక్షంలో ఓడ. అందులో నలుగురు మనుషులు. లోపలి గాలి నలుగురికి సరిపోవాలి. కానీ ఐదుగురు పీలుస్తున్నట్టు తరిగిపోతోంది. ఎందుకో రాయకుండానే పోయాడు.

హైదరాబాద్ నుంచి ఎడిటర్ నన్ను పిలిపించాడు. “మీరే ముగించండమ్మా. ఆ ఓడలోకి ఒక దెయ్యాన్ని ఎక్కించండి, చాలు.”

వెంటనే ఒప్పుకున్నాను. సంతోషమేసింది కూడా.

నేను జహీరాబాద్‌లో అన్న ఇంటికి వెళ్ళిన రోజు పొద్దుటి నుంచీ ముసురు. వదిన శరణమ్మ తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా గడపలోనే నిలబడింది.

“దేనికొచ్చినవ్?”

“అన్న కాయితాలకు.”

“కాయితాలు గడప దాటవు. రాసేదేదో ఆ గదిలనే కూసోని రాసి పో.”

వీధి గదిలో అన్నీ ఆయన పెట్టినట్టే ఉన్నాయి. చాప, ముందు చిన్న రాతబల్ల. నేను బల్లకు ఇవతలి వైపు, చాపకు ఎదురుగా కూర్చున్నాను. జల్లు పడుతోందని కిటికీ రెక్కలు మూశాను. దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. వదిన లాంతరు తెచ్చి పెట్టింది.

“ఈ గదిల దీపం నిలుస్తలేదు,” అంది.

“చమురు జూడలే?”

“చమురు నిండుగనే ఉంటది.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నా భుజం మీదుగా కాగితం వైపు చూసింది. ఆమెకు చదువు రాదు. “ఏం రాసినవ్? చదువు.”

చదివాను. దారిలో చనిపోయిన ఓడ కెప్టెన్‌ను బయటికి నెట్టేశారు. అతను తిరిగొచ్చాడు. ఎవరికీ కనబడకుండా లోపలే కూర్చుని, వాళ్ళ గాలి పీలుస్తున్నాడు. ఐదో ఊపిరి అతనిదే.

వదిన ముఖం బిగుసుకుంది. బయటికి నడిచింది. తలుపు మూసుకుంది. బయట గొళ్ళెం పడిన చప్పుడైంది.

“వదినా! ఏంది గిది?”

“దెయ్యాల్లేవని చెప్పి చెప్పి సచ్చిండాయన. ఆయన పేరు మీద దెయ్యాన్ని రాస్తవా? చింపు. చింపినంక తీస్త.”

“నేను చింప.”

“అయితే ఆడనే ఉండు.”

పంతం నాకూ ఉంది. మళ్ళీ కలం పట్టుకున్నాను. బయట వాన. పెంకుల మీద నుంచి నీళ్ళు జారుతున్న చప్పుడు. గదిలో పాత కాగితాల వాసన, కిరసనాయిలు వాసన. కాసేపటికి వాటి కింద నుంచి ఇంకో వాసన తేలింది... తడిమట్టి. వాన కదా అనుకున్నాను. ఆ తర్వాత విభూతి.

ముందుగా లాంతరు చూశాను. వత్తి చాలినంత ఉంది. చమురు ఉంది. మంట మాత్రం గోరంత అయింది. పెంచబోయాను. పెరగలేదు.

అప్పుడు తెలిసింది, నేను నోటితో గాలి పీలుస్తున్నానని. చాలాసేపటి నుంచి.

గది మూసి ఉంది, లాంతరు మండుతోంది, గాలి తగ్గుతుంది... అన్న చెప్పినట్టే కారణం వెతుక్కున్నాను. లేచి కిటికీ నెట్టాను. వానకు ఉబ్బిందో ఏమో, రెక్క కదలలేదు. భుజంతో గుద్దాను. కదలలేదు. కళ్ళ ముందు నల్లటి చుక్కలు. తిరిగొచ్చి బల్ల దగ్గర కూలబడ్డాను.

ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. నాదే అనుకున్నాను. నేను పీల్చినప్పుడు అది వదులుతోంది. నేను వదిలినప్పుడు... పీలుస్తోంది.

బల్లకు అవతల. చాప మీద. కూర్చున్న మనిషి ముక్కు ఉండేంత ఎత్తులో.

అక్కడ ఏమీ లేదు. చీకటి తప్ప.

“కారణం...?”

గుసగుస. గొంతులో ఉప్పు అడ్డుపడ్డట్టు గరగర.

“అన్నా...”

“కారణం రాయి...”

ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఇప్పుడు కూడానా? చచ్చి కూడా నాకు పాఠం చెప్పడానికేనా?

“ఏం కారణం రాయాలె?” అన్నాను, గాలి అందక ముక్కలు ముక్కలుగా. “నువ్వే... ఎదురుంగ కూసున్నవ్ గద. నువ్వే కారణం!”

ఊపిరి ఆగింది.

వాన చప్పుడు కూడా ఆగినట్టయింది.

తర్వాత అవతలి నుంచి గాలి పీల్చడం మొదలైంది. ఒకటే పీల్పు. పొడుగ్గా... ఆగకుండా... మనిషి రొమ్ముకు పట్టనంత. బల్ల మీది కాగితాల అంచులు లేచాయి, చాప వైపుకు. మంట వంగింది, చాప వైపుకు. నా వెంట్రుకలు ముఖం మీదుగా ముందుకు లాగినట్టు వెళ్ళాయి. నా రొమ్ములో ఉన్న కాస్త గాలీ నోట్లోంచి దారంలా బయటికి పోతోంది. ఆపుదామన్నా ఆగడం లేదు.

లాంతరు ఆరింది.

చీకట్లో తడుముకుని కాగితాలు దొరకబుచ్చుకున్నాను. చింపాను. రెండుగా, నాలుగుగా. వేళ్ళు పట్టినంత వరకూ చింపాను. గొంతు రాలేదు. తలుపును కాలితో తన్నాను.

గొళ్ళెం తీసిన చప్పుడు. వదిన చేతులు నన్ను వసారాలోకి లాగాయి. వాన గాలి ముఖానికి తగిలింది. నేల మీద పడి ఆ గాలిని నీళ్ళలా మింగాను.

వదిన గదిలోకి వెళ్ళలేదు. గడప దగ్గరే నిలబడి చీకట్లోకి చూస్తోంది.

“కనవడ్డడా?” అంది, చాలా మెల్లగా.

“లే... ఇనవడ్డడు.”

“దినాం ఈ గడపల కూసుంట,” అంది. “దీపం ఆరేదాంక. నాకు ఒక్కనాడు గూడ ఇనవడలే.”

నా వైపు తిరిగింది. అంతకుముందు ఆమె కళ్ళలో ఉన్నది కోపం. ఇప్పుడున్నది అది కాదు. “పో,” అంది. “మల్ల ఈ ఇంటికి రాకు.”

సీరియల్ అక్కడితో ఆపేశారు. నేను నవలలు మానేశాను. కానీ ఆయాసం మాత్రం పోలేదు. నాలుగు మెట్లెక్కితే చాలు, నా గాలి నాకే చాలనట్టుండేది. దసరా వెళ్ళాక మా ఆయన చెన్నబసప్ప నన్ను హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

పట్టపగలు. కిటికీలు తెరిచి ఉన్నాయి. డాక్టరు పెద్దమనిషి, నెమ్మదస్తుడు. గొట్టం చెవులకు పెట్టుకుని, బిళ్ళ నా వీపు మీద ఆనించాడు.

“గట్టిగ పీల్చండమ్మా.”

పీల్చాను.

“వదలండి... ఆఁ. ఇప్పుడు ఆపండి.”

ఆపాను.

ఆయన వింటున్నాడు. బిళ్ళ చోటు మార్చాడు. మళ్ళీ విన్నాడు.

“ఆపమన్న కదమ్మా.”

నోరు తెరిస్తే గాలి పోతుందని నేను జవాబు చెప్పలేదు. చెయ్యెత్తి, ముక్కూ నోరూ గట్టిగా మూసుకుని చూపించాను.

ఆయన నా చేతిని చూశాడు. బిళ్ళ ఇంకా నా వీపు మీదే ఉంది. వింటున్నాడు... వింటున్నాడు... మెల్లగా మా ఆయన వైపు తలెత్తి, “ఇది మీ ఊపిరేమో... మీరు జర బయటికి పోయి నిలబడండి,” అన్నాడు.