చెయ్యెత్తకూడని బావి

సింగపూర్‌లో చాంగీ సముద్రపొడ్డున పడవల జెట్టీ దాటి కాస్త లోపలికి వెళితే, సిమెంటు మూత వేసిన పాత బావి ఒకటి ఉంది. చీకటిపడ్డాక దాని పక్కన కూర్చోవచ్చు, ఏడవొచ్చు, సిగరెట్టు కాల్చుకోవచ్చు... చెయ్యి మాత్రం పైకెత్తకూడదు. దోమని తోలడానికైనా సరే, టాక్సీ ఆపడానికైనా సరే.

ఎత్తితే, లెక్కపెట్టుకోవడానికి ఒకాయన వస్తాడు.

ఈ మాట మునవ్వర్‌కి చెప్పింది ఆదెమ్మ ఆంటీ. ఆమె పూర్వీకులు ఎప్పుడో కాకినాడ వైపు నుంచి ఓడల మీద వచ్చినవాళ్ళు. తిండికొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో ఇడ్లీలు అమ్ముతుంది. మునవ్వర్ హైదరాబాదువాడు, దగ్గర్లోని సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడర్. దెయ్యాలంటే నవ్వులాట.

"మా కంప్యూటర్లలో ఉన్న దెయ్యాలు చాలవా ఆంటీ?"

"నవ్వకు తంబీ. ఆ కెప్టెన్ మావాళ్ళని నిలువునా ముంచాడు."

కెప్టెన్ ట్రాస్క్ అమెరికావాడు. పాలబుగ్గల వయసులో ఓడెక్కి, మీసం సరిగ్గా రాకముందే కెప్టెన్ అయ్యి, మిరియాల వ్యాపారంలో ఆరితేరాడు. అతని ఓడలో సగంమంది తెలుగు కళాసీలు. వాళ్ళకి ఇంగ్లీషు రాదు. అందుకని ఒక పద్ధతి పెట్టాడు — ఆజ్ఞ చెవిన పడగానే చెయ్యెత్తాలి. చెయ్యెత్తితే విన్నట్టు. అంతకుమించి అర్థం లేదు.

ఒకసారి తిండిగింజలు తరిగిపోయాయి. అందరితో వెళితే అమెరికా చేరేలోపు ఆకలిచావులే. బావి దగ్గర పీపాలు నింపించి, అందరినీ వరసగా నిలబెట్టి ఇంగ్లీషులో అడిగాడు: "ఇక్కడే ఉండిపోవడానికి ఒప్పుకునేది ఎవరు?"

తెలుగు చేతులన్నీ లేచాయి.

ఆ చేతులకి అర్థమేమిటో అతనికి తెలుసు. తెలిసే, ఓట్లుగా లెక్కపెట్టుకున్నాడు. లంగరెత్తి వెళ్ళిపోయాడు.

సొంతూళ్ళో రాజకీయాల్లో దిగాడు, గెలిచాడు, చట్టసభలో పెద్ద కుర్చీ ఎక్కాడు. కానీ సభలో "ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి" అన్నప్పుడల్లా, మనుషులకంటే చేతులు ఎక్కువ కనపడేవట... నల్లటివి... నీళ్ళోడుతున్నవి. చివరికి పదవి వదులుకుని, ముసలితనంలో మళ్ళీ ఓడెక్కి ఇక్కడికే వచ్చాడు. కళాసీల్లో చాలామంది జ్వరాలకి పోయారు, మిగిలినవాళ్ళు చెల్లాచెదురయ్యారు. అతనూ ఆ బావి గట్టుమీదే కన్నుమూశాడు.

"ఇంకా అడుగుతూనే ఉంటాడు," అంది ఆదెమ్మ. "వాడికేమో మన భాష రాదు. వీళ్ళేమో చేతులు దించరు."

మునవ్వర్ నవ్వి, టీ తాగి వెళ్ళిపోయాడు.

ఇంతలో రెండువేల సంవత్సరం వచ్చేసింది. ప్రపంచంలో ఏ కంప్యూటరూ పేలలేదు. తేదీ మారితే కంప్యూటర్లు చెడిపోతాయన్న వైటూకే భయంతో రప్పించిన మనుషులతో ఇక పని లేకపోయింది. మేనేజర్ సుధాకరరావు మీటింగు పెట్టాడు. టీములో ఒకణ్ణి ఇండియాకి వెనక్కి పంపాలి.

ఇక్కడ మునవ్వర్ పెట్టిన పద్ధతి ఒకటి చెప్పాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటిరోజే చెప్పేవాడు — మీటింగులో ఇంగ్లీషు అర్థంకాకపోతే నోరు విప్పకండి, చెయ్యెత్తండి, మిగతాది నేను చూసుకుంటాను.

సుధాకరరావు తెలుగువాడే. అయినా మీటింగంటే ఇంగ్లీషే. "రిలీజ్ కావడానికి వాలంటీర్లు ఎవరు?"

ఎవరూ కదల్లేదు. మునవ్వర్ భార్యని తలుచుకున్నాడు. మాజిదాకి నెలలు నిండొస్తున్నాయి. ఉద్యోగం పాస్ రద్దయితే ఆమెని ఏ విమానం ఎక్కించాలి? ఎక్కడ కాన్పు చేయించాలి? యా అల్లా, నేను కాకపోతే చాలు...

బల్ల చివర విజయ్ చెయ్యి లేచింది. కాకినాడ నుంచి కొత్తగా వచ్చినవాడు. అటూ ఇటూ చూసి ఎత్తాడు. అర్థంకాలేదనే దానర్థం. మునవ్వర్ నోరు తెరిచాడు.

మూసేశాడు.

"గుడ్," అన్నాడు సుధాకరరావు.

సాయంత్రం నుంచి విజయ్ కనపడలేదు. ఫోన్ తియ్యడు. రూముకి రాలేదు. వానలో తడుస్తూ వెతుక్కుంటూ వచ్చిన మునవ్వర్‌ని చూసి ఆదెమ్మ గరిటె కింద పెట్టింది.

"ఆ పిల్లాడు బావివైపు పోయాడు తంబీ. మకాన్ కూడా చెయ్యలా, ముద్ద ముట్టలా. పిలిస్తే పలకలా..."

మునవ్వర్ పరుగెత్తాడు. వాడికేమన్నా అయితే చంపింది నేనే — ఆ ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది.

బావి దగ్గర దీపం లేదు. వాన నిలిచింది. చెట్ల కింద ఎవరో నిలబడ్డారు... పొడుగాటి కోటు... చేతిలో టోపీ. ఉప్పువాసన.

ఆ మనిషి మెల్లిగా, బతిమాలుతున్నట్టు, ఇంగ్లీషులో అడిగాడు: "ఇక్కడే ఉండిపోవడానికి ఒప్పుకునేది ఎవరు?"

గడ్డిలోంచి చేతులు లేచాయి. మనుషుల్లేరు... చేతులే. వరసగా, తడిగా.

వాటి మధ్య ఒక చేతికి ప్లాస్టిక్ వాచీ ఉంది. ఆ చేతి కింద మనిషి ఉన్నాడు. బావి గట్టుమీద, తల వంచుకుని, విజయ్.

కెప్టెన్ మునవ్వర్‌వైపు తిరిగాడు.  తన ప్రశ్నని వాళ్ళ భాషలో అడగమంటున్నాడని మునవ్వర్‌కి తెలిసిపోయింది.  ఆ చేతులవైపు తిరిగి తెలుగులో అడిగాడు.

"మిమ్మల్ని... మిమ్మల్ని ఇక్కడ వదిలేసి పోతరంట. ఒప్పుకుంటేనే చెయ్యెత్తుండ్రి. లేకుంటే దించుండ్రి."

ఒక చెయ్యి దిగింది. ఇంకోటి. ఆ తర్వాత అన్నీ... ఎన్నాళ్ళుగానో మోస్తున్న బరువు దించుకున్నట్టు దిగిపోయాయి.

వాచీ ఉన్న చెయ్యి మాత్రం దిగలేదు.

"విజయ్! దించురా! మీటింగుల నీకు అర్థంకాక ఎత్తినవ్, నాకు తెలుసు... తెలిసీ నోరు మూసుకున్నరా!"

"అర్థమయ్యే ఎత్తేను భాయ్," గుసగుసగా అన్నాడు విజయ్. "రిలీజంటే తెలీదేంటి? వదినని ఇప్పుడు విమానం ఎక్కనివ్వరు గదా..."

మునవ్వర్ సిగ్గుతో గట్టు దగ్గరకి పరుగెత్తాడు. వాడి చెయ్యి పట్టుకుని కిందికి గుంజాడు. మంచులా ఉంది. కదల్లేదు.

"ఇంటికెళ్ళి ఏం చెప్పాలో తెలీక ఇక్కడ కూర్చున్నా, అతనడిగితే ఒప్పుకునే ఎత్తేను... దిగట్లేదు భాయ్... ఎంతసేపట్నుంచో దిగట్లేదు..."

కెప్టెన్ దగ్గరకొచ్చాడు. ఒప్పుకున్న చెయ్యి — ఇన్నేళ్ళకి నిజమైన ఓటు! ఆశగా వేలు చాపి, లెక్కపెట్టబోయాడు.

"వాణ్ణి కాదు!" మునవ్వర్ అరిచాడు. "నన్ను లెక్కపెట్టు!" అంటూ చెయ్యి పైకెత్తాడు.

వేలు ఇటు తిరిగింది.

"వన్," అంది ఆ గొంతు.

విజయ్ చెయ్యి దబ్బున ఒళ్ళో పడింది. చెట్ల కింద ఎవరూ లేరు.

మునవ్వర్ చెయ్యి దిగలేదు. జురాంగ్ ఈస్ట్‌లో ఇంటికి చేరేదాకా ట్రైనులో అలాగే నిలబడ్డాడు. పైన హ్యాండిల్ పట్టుకున్నాడనుకున్నారో ఏమో, ఎవరూ పట్టించుకోలేదు.

తలుపు తీసిన మాజిదా ఆ చేతినే చూస్తూ నిలబడింది. అతను ఏదీ దాచలేదు. "పొద్దున్నే నా పేరు చెప్పేస్తా," అన్నాడు, ఏడుస్తూ. "నిన్ను, బిడ్డని ఎట్ల తీస్కపోవాల్నో తెలుస్తలేదు. కానీ వాణ్ణి పంపలేను."

ఆమె కడుపుమీద చెయ్యి వేసుకుంది. తర్వాత ఆ చేతినే మెల్లిగా పైకెత్తింది.

"నాకు అర్థమైంది," అంది. "చెప్పేయండి. నేనూ వస్తా."

మునవ్వర్ చెయ్యి దానంతటదే దిగింది. చొక్కా చేతిలోంచి ఉప్పునీళ్ళు గడపమీద కారాయి.

బయట లిఫ్టు దగ్గర, చీకట్లో, బావి దగ్గరి గొంతే మెల్లిగా అంది...

"టూ."