మావయ్య జేబులో ఫ్యూజు

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో, పట్టపగలు, అంతమంది జనం మధ్య కిరణ్‌కుమార్‌ని చంపేశారు. మట్టి కప్పులో టీ, టీలో విషం. ప్రాణం పోయేముందు అతను కంట్రోల్‌కి పంపిన మెసేజ్ ఒక్కటే: "గురి ట్యాంకు మీద. శత్రువు లోపలే."

ఆ కబురు అందగానే ఏజెంట్ అమర్‌నాథ్‌కి ఒళ్ళు మండిపోయింది. కోడ్ నేమ్ సిగ్నల్. కిరణ్‌తో కలిసి ఒకే గదిలో ట్రైనింగ్ అయినవాడు, ఒకే కంచంలో తిన్నవాడు. ఛీ, ఇవేం బతుకులు! ఎదురుగా వచ్చి కాల్చే దమ్ము లేక టీ ఇచ్చి చంపుతారా?

చీఫ్ వసంత బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఖరగ్‌పూర్‌లోని ఒక ప్రైవేటు ల్యాబ్‌లో డాక్టర్ మౌనిక మనిషెత్తు ట్యాంకులో స్టెమ్ సెల్స్ పెంచుతోంది. సన్నటి పూసలకి అతుక్కున్న ఆ కణాలు గులాబీరంగు ద్రవంలో తేలుతూ ఉండాలి. స్టిర్రర్ వాటిని మెల్లగా కలుపుతూనే ఉండాలి. అది ఆగితే కణాలు అడుక్కి చేరి ఊపిరాడక చస్తాయి, జోరెక్కితే చితికి చస్తాయి. బతికినవాటితో గుండె కండరం తయారవుతుంది. ఆర్కిడ్ అనే విదేశీ ముఠా ఆ కణాల విత్తనాన్ని, అంటే గడ్డకట్టించి దాచిన మూలకణాల గొట్టాన్ని, దొంగిలించి, ట్యాంకుని నాశనం చెయ్యాలని చూస్తోంది.

"మొదటి పేషెంట్ మీ అత్త. అందుకే నిన్ను పంపకూడదు," అంది వసంత. "అందుకే పంపుతున్నాను."

తల్లిలేని అమర్‌నాథ్‌ని అదే ఊరి రైల్వే కాలనీలో, ట్రాఫిక్ క్వార్టర్స్‌లో పెంచింది అత్త అప్పలనర్సమ్మే. ఇప్పుడు ఆమె నాలుగడుగులేస్తే ఆయాసం. ఆమె మొగుడు గణపతిరావు రైల్వే వర్క్‌షాపులో రిటైరై, ఆ ట్యాంకుకే మెకానిక్‌గా చేరాడు.

విశ్వకర్మ పూజ రోజున అమర్‌నాథ్ తలకి గుడ్డ చుట్టి, బకెట్టుతో ల్యాబ్ ఆవరణలో కిచిడీ వడ్డిస్తున్నాడు. గరిటె పిడిలో మైక్రోఫోన్. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, భుజాన ఖరీదైన ఫ్లాస్కుతో ఆడిటర్ రష్మిత విస్తరి చాపింది.

"ఉప్పు తక్కువైంది."

"సముద్రం దూరం మేడమ్."

కోడ్ కలిసింది. ఆర్కిడ్‌లో ఉంటూనే మనకి సమాచారం అందిస్తున్న డబుల్ ఏజెంట్ ఈమే. కనీసం కంట్రోల్ నమ్మకం అది.

హారతికని మౌనికతో సహా అందర్నీ బయటికి పిలిచారు. ఢాక్ అనే బెంగాలీ డోళ్ళు మోగాయి. రష్మిత కాసేపు మాయమై పరుగున తిరిగొచ్చింది. స్టిర్రర్ ఆగిపోయిందని, మీ మావయ్యే ఫ్యూజు పీకేశాడని అమర్‌నాథ్ చెవిలో చెప్పింది. వెంటనే పెట్టించకపోతే కణాలు దక్కవని కంగారుపెట్టింది.

అమర్‌నాథ్ గరిటెతోనే పరిగెత్తాడు. వెనకే మౌనిక, రష్మిత. ట్యాంకుకి బంతిపూల దండ వేసి ఉంది. దాని ఎదుట గణపతిరావు కళ్ళు మూసుకుని దండం పెడుతున్నాడు. అమర్‌నాథ్ ఆయన చొక్కా పట్టుకుని గుంజాడు.

"బుద్దుందా మావా? ఇది లేతు మిషను కాదు. అత్త పేనం!"

గణపతిరావు కదల్లేదు. "ఇస్కర్మ పూజకి మిషను ఆపకుండా ఏ సాపులోనైనా దండం ఎట్టినారేట్రా? ఫ్యూజు నా జేబులో ఉంటే ఎవుడూ స్విచ్చెయ్యలేడు. బొట్టెట్టి, హారతిచ్చి, మళ్ళీ ఎడతాను."

నలభై ఏళ్ళ అలవాటు. ఈ మొండితనానికి అత్త బలైపోతుందా! అమర్‌నాథ్ ఆ జేబులోంచి ఫ్యూజు లాక్కుని బోర్డు దగ్గరికి ఉరికాడు.

"తొందరగా పెట్టెయ్!" అంది రష్మిత.

"ఆగండి," అంది మౌనిక. ఆమె చూపు ప్యానెల్ మీద ఉంది. మోటారుకే కరెంటు లేదు, ప్యానెల్ వెలుగుతూనే ఉంది. నలభై ఉండాల్సిన స్పీడు నాలుగు వందలని చూపిస్తోంది. "ఇది మార్చిందెవరు? ఇప్పుడు ఫ్యూజు పెడితే ఒక్క కణం మిగలదు!"

ఫ్యూజు అప్పటికే సగం లోపలుంది. రష్మిత ఎగిరి అమర్‌నాథ్ చెయ్యి పట్టుకుని లోపలికి నొక్కబోయింది. అంతే, శత్రువు లోపలే అన్న కిరణ్ మెసేజ్ ఎవరి గురించో అతనికి అర్థమైంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందీ, స్పీడు మార్చిందీ, కిరణ్‌కి ఆ టీ ఇచ్చిందీ ఈ చెయ్యే. కిచిడీ గరిటె ఆమె మణికట్టు మీద ఫెడీమని పడింది. ఫ్లాస్కు జారి మూత ఊడింది. చల్లటి పొగలోంచి విత్తనపు గొట్టం బయటికి దొర్లింది. మౌనిక దాన్ని చటుక్కున గుడ్డతో అందుకుని ఫ్రీజర్ వైపు పరిగెత్తింది.

"కిరణ్ ఏమన్నాడు చివరికి?" అమర్‌నాథ్ పళ్ళ మధ్య నుంచి అడిగాడు.

"పంచదార తక్కువైందన్నాడు," అంది రష్మిత, నవ్వుతూ.

ఆమెని అక్కడే చంపెయ్యాలనిపించింది అతనికి. బేడీలు వేశాడు. జీవితంలో అంత కష్టమైన పని ఇంకొకటి చెయ్యలేదు.

మౌనిక తిరిగొచ్చి స్పీడు నలభైకి దించింది. గణపతిరావు ఫ్యూజు పెట్టాడు. అడుగున పేరుకున్న పూసలు పాయసంలో సగ్గుబియ్యంలా మెల్లగా పైకి లేచాయి. మౌనిక చుక్క తీసి మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. బతికే ఉన్నాయంది.

ఏ పరికరంతో ఆపావని వసంత ఫోన్‌లో అడిగితే, మావయ్య జేబుతోనని చెప్పి పెట్టేశాడు అమర్‌నాథ్. మావయ్య దగ్గరికి వెళ్ళి, నలిగిన ఆ చొక్కా సర్ది, తప్పయిపోయిందన్నాడు.

గణపతిరావు ఇంకా రుసరుసలాడుతూనే ఉన్నాడు. "మీ అత్త లెగిసి తిరిగినాక అడగతాది, పూజనాడు మిషను సేత పని సేయించినోడెవుడని. నీ పేరే సెప్తాను."