చనిపోయినవాడి లాగిన్

మూడు నెలల క్రితం చనిపోయిన ల్యాబ్ ఇన్‌ఛార్జి సారయ్య నిన్న ఆసుపత్రి కంప్యూటర్‌లో లాగిన్ అయి, మందమర్రి కాంట్రాక్టు బొగ్గు కార్మికుల ఊపిరితిత్తుల రిపోర్టులన్నీ ‘నార్మల్’ అని మార్చేశాడు.

“లాగిన్లన్నీ సూసుకునేది నేనే మేడం,” ప్రైవేటు డిటెక్టివ్ మమతారాణి ఎదుట కూర్చుని చెప్పింది ఆసుపత్రి కంప్యూటర్ ఉద్యోగిని అమూల్య. “సాయంత్రం నన్ను పోలీసులకు పట్టిస్తరట.”

“సచ్చినోని పేరు ఎందుకు తీసెయ్యలే?”

“ఏడాది మాసికం దాకా తియ్యకు బిడ్డా అని ఆయన భార్య సత్తమ్మ ఏడ్చింది. కాదనలేకపోయిన.”

“పాస్‌వర్డ్ మార్చి నువ్వే లోపలికి పోవచ్చు గదా?” అసిస్టెంట్ సాయిచంద్ అడిగాడు.

“గదొక్కటే సాలదన్నా. మా లాగిన్ పేర్లుండే డైరెక్టరీ క్లౌడ్‌ల, అంటె ఇంటర్నెట్‌ల ఉంటది. ఎవలొచ్చినా, ‘నువ్వేనా?’ అని వాళ్ల ఫోన్‌కు అడుగుతది. అవునని నొక్కితెనే లోపలికి రానిస్తది. ఫోన్ చేతిల ఉంటె పాస్‌వర్డ్ సుత కొత్తది పెట్టుకోవచ్చు. నిన్న సారయ్య సార్ ఫోన్‌లనే నొక్కిండ్రు.”

“అయితే మనం ఎతకాల్సింది ఫోన్‌ను,” మమతారాణి లేచింది. ఆమె దవడ బిగుసుకుంది. మేడంకు కోపం వచ్చిందంటే కేసు సగం తేలినట్టేనని సాయిచంద్ నమ్మకం.

కరీంనగర్‌లోని ఆ ఆసుపత్రి గేటుకు సారయ్య శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఇంకా వేలాడుతోంది. మేడారం జాతరలో భార్యతో దిగిన సెల్ఫీ అది. మమతారాణి దాన్ని తన ఫోన్‌లో ఫోటో తీసుకుని మందమర్రిలోని సారయ్య ఇంటికి బయలుదేరింది.

ఆ ఫోటో చూడగానే సత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆయన ఫోన్‌ల గిది దిగిన గంటకే జాతరల ఆయన గుండె ఆగింది. గాడ సిగ్నల్ లేదు. ఎవలకూ పంపలే.”

“ఆయన ఫోనేదమ్మా?”

“దినాలకు ఫ్లెక్సీ కొట్టిస్తమని ఆసుపత్రోళ్లు ఎవలో అడిగిండ్రు. లాక్ సుత చెప్పి ఇచ్చిన. గా దుఃఖంల మొకం సూడలే. గా ఫోన్ మళ్ల నాకు తిరిగి రాలే.”

ఆమెను వెంటబెట్టుకుని, సాయంత్రానికి మమతారాణి ఆసుపత్రి సిబ్బందినంతా మేనేజర్ ఓంప్రకాశ్ గదిలో కూర్చోబెట్టింది.

“గేటు కాడి ఫ్లెక్సీ ఎవరు చేయించిండ్రు?”

“నేనే,” ఓంప్రకాశ్ ఛాతీ విరిచాడు. “స్టాఫంటె నాకు ఇంటోళ్ల లెక్క.”

“ఫోటో యాడిది?”

“సారయ్యనే వాట్సాప్‌ల పంపిండు.”

“ఎప్పుడు, సచ్చినంకనా?” మమతారాణి టేబుల్ మీద అరచేత్తో చరిచింది. “గా ఫోటో ఆయన ఫోన్ దాటి పోలే. అది ఫ్లెక్సీ మీదికి వచ్చిందంటే, చేయించినోని చేతికి ఫోన్ వచ్చినట్టే. ‘నువ్వేనా?’ అని అది అడిగితే అవునని నొక్కింది నువ్వు. ఏడుస్తున్న ఆడమనిషి చేతిలోంచి ఫోన్ గుంజుకొని, ఈ పిల్లను జైలుకు పంపుతవా?”

ఓంప్రకాశ్ సత్తమ్మ వైపు చూడలేదు.

“అవును, నేనే. పేషెంట్లను పంపేది కాంట్రాక్టరు. వాళ్ల ఊపిరితిత్తుల్లో దుమ్ముందని రాస్తే ఆయన పరిహారం కట్టాలె, రేపటి నుంచి ఒక్కణ్ని సుత పంపడు, ఆసుపత్రి మూతబడుతది. సచ్చినోని పేరు వాడితే ఆయనకేం నష్టమనుకున్న. అమూల్య మీదికి వస్తదని సుత తెల్సు. తెల్సే చేసిన.”